లాక్ నట్టు కీ పోయిందా, ముందు సుత్తి కింద పెట్టు

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివా. సెకండ్ హ్యాండ్ ఐ20 కారు, నాలుగు అలాయ్ చక్రాలకీ ఒక్కో లాక్ నట్టు (దొంగలు చక్రం ఎత్తుకుపోకుండా, దాని కీ తొడిగితేనే ఊడే నట్టు), ముందు ఎడం టైర్లో మేకు, రాత్రి గాలి కొట్టించి పడుకుంటే పొద్దునకి సగం దిగిపోతోంది, కీ చూస్తే కనపట్లేదు, మీ గుంటూరు బ్రాడీపేటలో పంచర్ షాపాయనేమో "వెల్డింగ్ పెట్టి లాగేద్దాం" అన్నాడు, నువ్వేమో యూట్యూబ్ చూసి డ్రిల్లు కొందామనుకుంటున్నావు, ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగావు. నేను విజయవాడ ఆటోనగర్‌లో టైర్లు, వీల్స్ పని చేయబట్టి ఇరవై రెండేళ్ళు. డ్రిల్లు మాత్రం కొనకు, ఎందుకో కిందకి వచ్చాక చెప్తా.

ముందు ఒక మాట. నీకు ఇవాళ అర్జెంటు గాలి తమ్ముడూ, నట్టు కాదు. నీది ట్యూబ్‌లెస్సే కదా, మేకు టైరు నడి భాగంలో, అంటే రోడ్డుకి తగిలే చోట దిగి ఉంటే వీల్ విప్పాల్సిన పనే లేదు. స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పు, కారుని కొంచెం ముందుకో వెనక్కో దొర్లించి మేకు చేతికందే చోటికి తెచ్చుకో, చక్రం కారుకి ఉండగానే ప్లగ్గు వేసేస్తారు, అంటే కన్నంలో రబ్బరు ముక్క దూర్చి మూసేస్తారు, పది నిమిషాల పని. మీ షాపాయనకి ఇది తెలీక కాదు, వీల్ విప్పి నీళ్ళ తొట్లో ముంచి చూసుకోవడం అలవాటై అలా అని ఉంటాడు. పక్క గోడలో దిగితే మాత్రం ప్లగ్గు కుదరదు, టైరే మార్చాలి, అప్పుడు నట్టు తియ్యక తప్పదు. నడి భాగంలోనే అయితే ఇవాళ ప్లగ్గు వేయించుకుని నట్ల సంగతి తీరుబడిగా చూసుకో. ఈ పని కంగారులో చేస్తేనే చెడుద్ది, అదీ రాత్రి పూట కాజా టోల్‌గేటు పక్కన లారీలు పోతుంటే సెల్‌ఫోన్ లైటు పట్టుకుని చేసేవాళ్ళు ఇంకా చెడగొట్టుకుంటారు, అలా పాడు చేసుకుని మా దగ్గరికొచ్చిన బళ్ళు చాలా చూశా.

ఇక కీ. నిజంగా పోయిందా అని అడిగితే అందరూ "మొత్తం వెతికానండీ" అంటారు. మొత్తం అంటే ఏంటో చెప్తా విను. డిక్కీలో మ్యాటు లేపి స్టెప్నీ బయటకి తీసి దాని కింద గుంటలో చూడు, స్టెప్నీ తియ్యకుండా పైపైన చెయ్యి పెట్టి చూడ్డం వెతకడం కాదు. జాకీ పెట్టే థర్మాకోలు ట్రేలో చిన్న గుంట ఉంటది, అక్కడ. జాకీ సంచి కుట్టు మూలలో. గ్లవ్ బాక్సులో మాన్యువల్ పుస్తకం ఉండే పర్సులో. డ్రైవరు సీటు కింద పట్టాల మధ్య. తర్వాత ఇంట్లో బీరువా. నవ్వకు, కారు కొన్న రోజు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, అమ్మినవాళ్ళిచ్చిన కవరు మొత్తం అమ్మ చేతికిచ్చి ఉంటావు, ఆవిడ కారు కాయితాలతో పాటు లోపల పెట్టేసి ఉంటది. ఆ కవర్లో కీ లేకపోయినా కోడ్ ఉన్న చిన్న కార్డు దొరకొచ్చు, దాని సంగతి కింద చెప్తా.

అక్కడా లేకపోతే చివరిసారి వీల్ విప్పిన చోటికి ఫోన్ చెయ్యి. ఇది వాళ్ళని అనుమానించి చెప్పడం కాదు, మా షెడ్లోనే జరిగింది. మా కుర్రాడు ఒక కారు లాక్ నట్టు విప్పాడు, కీ వెళ్ళి ఎయిర్ గన్ను (గాలితో నట్లు తిప్పే మిషను) సాకెట్లో, అంటే నట్టు మీద తొడిగే గొట్టం పానాలో బిగుసుకుంది, వాడు చూసుకోలా, కస్టమరు ఏలూరు వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన బండి నట్టుకి సాకెట్ పట్టకపోతే ఏంట్రా అని లోపలికి చూస్తే కీ దాంట్లోనే ఉంది. ఆయనకి ఫోన్ చేసి కొరియర్లో పంపాను, డబ్బులూ నేనే కట్టా. నీది కూడా ఏదో ఒక షాపులో సాకెట్ల డబ్బాలో పడి ఉండొచ్చు.

కీ దొరక్కపోతే కోడ్. కీ మీదో, కీతో ఇచ్చిన కార్డు మీదో నంబరో అక్షరాలో ఉంటాయి, అవి చెప్తే షోరూం స్పేర్ పార్ట్స్ కౌంటర్లో కొత్త కీ తెప్పిస్తారు. కోడ్ కూడా లేకపోతే నట్టు మూతిని ఎదురుగా, అడ్డంగా కాకుండా తిన్నగా ఫోటో తియ్యి, లోపల డిజైను గాడి పూర్తిగా కనపడాలి. చపాతీ పిండో, పిల్లల క్లే మట్టో గట్టిగా నొక్కి అచ్చు తీసినా పనికొస్తది. కొన్ని సర్వీస్ సెంటర్లలో మాస్టర్ కీల సెట్టు ఉంటది, అచ్చు చూసి ఒక్కోటీ పెట్టి చూస్తారు. ప్లగ్గు వేశాక ఎలాగూ నీకు టైముంది కాబట్టి రెండు రోజులు దీని మీద పెట్టు, నాలుగు నట్లు పగలగొట్టడం కంటే ఇదే చవక.

అసలది లాక్ నట్టేనా అన్నది కూడా చూసుకో. కొన్ని కార్ల నట్లకి పైన పల్చటి స్టీలు టోపీ తొడుగుంటది, లోపల తుప్పు పట్టి ఆ టోపీ ఉబ్బుద్ది, అప్పుడు 21 పానా ఎక్కదు, జనం దాన్ని లాక్ నట్టు అనుకుంటారు. ఉబ్బిన టోపీని ఉలితో చీల్చి తీసేస్తే కింద మామూలు నట్టే. ఫోక్స్‌వాగన్, స్కోడా అయితే బోల్టుల మీద ప్లాస్టిక్ మూతలుంటాయి, వంచిన తీగతో లాగితే వస్తాయి, కింద మామూలు 17 సైజు తల ఉంటది. నువ్వు పెట్టిన ఫోటో చూస్తే మాత్రం నీది నిజం లాక్ నట్టే, గుండ్రంగా ఉంది, మూతిలో పువ్వు లాంటి గాడి ఉంది.

సరే, ఏదీ కుదర్లేదనుకో. నేను పదింట్లో ఎనిమిదిసార్లు చేసేది ఒకటే పని, చిన్న సాకెట్‌ని నట్టు మీద సుత్తితో దిగ్గొట్టి విప్పడం. వినడానికి మొరటుగా ఉంటది గానీ అలాయ్‌కి అన్నిటికంటే తక్కువ దెబ్బ తగిలేది దీంట్లోనే. సాకెట్ పన్నెండు పళ్ళది కావాలి, ఆరు మూలలది కాదు. లాక్ నట్టు గుండ్రంగా ఉంటది కాబట్టి పళ్ళు ఎక్కువుంటే ఎక్కువ చోట్ల కరుచుకుంటది. అరంగుళం డ్రైవు, అంటే రాడ్డు దూరే చదరపు కన్నం అరంగుళం, పాతదైనా పర్లేదు, పాతదే మంచిది, ఎందుకంటే అది మళ్ళీ పనికిరాకపోవచ్చు. సైజు కోసం వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) పెట్టి నట్టు బయటి కొలత తీసుకో, దానికంటే ఒక మిల్లీమీటరు దాకా చిన్న సాకెట్ కావాలి. చేత్తో పెడితే అంచు దాకా వచ్చి ఆగిపోవాలి, ఎక్కకూడదు. మిల్లీమీటర్ల సైజుల్లో ఒకటి లూజు, ఇంకోటి మరీ టైటు అయితే అంగుళాల సెట్టు చూడు, ముప్పావు అంగుళం అంటే 19.05, పదమూడు బై పదహారు అంటే 20.64, మిల్లీమీటర్ల సైజుల మధ్యలో పడతాయి కాబట్టి చాలాసార్లు అవే సరిపోతాయి. ఆటోనగర్‌లో పాత సామాను షాపుల్లో విడి సాకెట్లు అమ్ముతారు, మీ గుంటూరు ఆటోనగర్‌లోనూ దొరుకుతాయి, నట్టు కొలత రాసుకుని వెళ్ళు.

అలాయ్‌లో నట్టు లోతు గుంటలో కూర్చుని ఉంటది, సాకెట్ గోడ మందంగా ఉంటే గుంట గోడకి రాసుకుని అలాయ్‌ని గీరేస్తది, లేదా అక్కడే ఇరుక్కుంటది. పల్చటి గోడ ఉన్న సాకెట్ ఎంచుకుని బయట రెండు చుట్లు టేపు వెయ్యి.

కారు నేల మీదే ఉండాలి, జాకీ ఎక్కించి సుత్తి దెబ్బలు వద్దు. హ్యాండ్‌బ్రేకు, గేరు, వెనక చక్రాలకి ఇటుకలు. మిగతా మూడు నట్లూ విప్పొద్దు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మామూలువి మూడూ ముందు విప్పేసి లాక్ నట్టు చివరికి ఉంచుతారు, అప్పుడు చక్రం బలమంతా ఆ ఒక్కదాని మీద పడి ఇంకా పట్టేస్తది. పైగా ఆ మూడిటినీ ఒక్క పిసరు బిగిస్తే లాక్ నట్టు మీద లోడు తగ్గి అది తేలిగ్గా కదులుద్ది. కళ్ళకి అద్దాలు పెట్టుకో, ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు, లాక్ నట్టు గట్టి స్టీలు, దెబ్బకి పెచ్చు లేచిందంటే బుల్లెట్టులా వస్తది, నా ఎడం కనుబొమ్మ మీద ఇప్పటికీ గాటు ఉంది.

కేజీ సుత్తి చాలు. సాకెట్ తిన్నగా పట్టుకుని కొట్టు. మొదట ఠంగ్ ఠంగ్ మని మోగుద్ది, ఖాళీ బిందె మీద కొట్టినట్టు. దిగే కొద్దీ మోత తగ్గిపోయి, పూర్తిగా కూర్చున్నాక డబ్ మని మొద్దు శబ్దం వస్తది, చేతికి కూడా తెలుస్తది, సుత్తి వెనక్కి ఎగరడం ఆగిపోద్ది. అక్కడ ఆపు. దానికి పదో పన్నెండో దెబ్బలు చాలు, యాభై దెబ్బలు కొట్టినా దిగలేదంటే సైజు తప్పు, ఆ దెబ్బలన్నీ వీల్ బేరింగు తింటది.

ఇప్పుడు పొడుగు రాడ్డు. ఎయిర్ గన్ను వద్దు, గన్ను కుదుపుకి సాకెట్ పట్టు జారిపోద్ది. రాడ్డు పెట్టి గుంజొద్దు, నెమ్మదిగా బరువు పెంచుకుంటూ పో. టక్ మని ఒక పొడి శబ్దం వస్తే నట్టు వదిలినట్టు. శబ్దమేం లేకుండా మెత్తగా, చింతపండులో గరిటె తిప్పినట్టు తిరుగుతా ఉంటే ఆపెయ్, అది స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, మెలి తిరుగుతుండొచ్చు, లేదా సాకెట్ జారుతుండొచ్చు. తీసేసి చూసి మళ్ళీ కొట్టు.

నట్టు వచ్చాక సాకెట్లోనే ఇరుక్కుని ఉంటది. వైస్‌లో పట్టి, వెనక చదరపు కన్నంలోంచి పంచ్ పెట్టి కొడితే ఊడుద్ది, మళ్ళీ అదే సాకెట్ రెండో చక్రానికి వాడుకోవచ్చు. రెండు వాడాక పళ్ళు అరిగిపోతాయి, అందుకే రెండు సాకెట్లు దగ్గర పెట్టుకో. బిగుసుకుపోయిన నట్టుకి ముందు రోజు రాత్రి డబ్ల్యూడీ 40 కొట్టచ్చు గానీ లాక్ నట్లు చాలావాటికి మూతి మూసి ఉంటది, నూనె మర దాకా పెద్దగా వెళ్ళదు, కొట్టినా చుట్టూ తుడిచెయ్యి, డిస్కు మీద పడితే బ్రేకు పోద్ది.

పదింట్లో మిగతా రెండు ఎందుకు రావంటే, కొన్ని లాక్ నట్లకి బయట ఒక రింగు విడిగా తిరుగుతా ఉంటది, దొంగలు సాకెట్ దిగ్గొట్టినా రింగు ఒక్కటే తిరిగి లోపల నట్టు కదలకుండా ఉండటానికే అది. రింగుని చేత్తో పట్టుకుని తిప్పి చూడు, తిరిగితే ఇంట్లో మొదలెట్టొద్దు. ముందు ఆ రింగుని చీల్చి తీసేసి, లోపల మిగిలిన సన్న నట్టు మీద ఎడం వాటం మెలిక పళ్ళున్న సాకెట్ దిగ్గొట్టాలి. ఈ మెలిక సాకెట్ సంగతి బాగుంటది, మనం విప్పే వైపు తిప్పే కొద్దీ ఇంకా లోతుకి కరుచుకుంటది, మా దగ్గర ఒక సెట్టు ఉంది, మామూలు సాకెట్ జారిన చోట కూడా పట్టేస్తది. నెట్‌లో కొనచ్చు గానీ ఒక్కసారి పని కోసం కొనడం దండగ.

ఉలి పద్ధతి ఒకటుంది, నట్టు అంచు మీద గాటు పెట్టి, ఉలిని ఏటవాలుగా ఆనించి విప్పే వైపుకి కొట్టడం. స్టీలు రిమ్ములకి చేస్తా, అలాయ్‌కి చెయ్యను, ఒక్క దెబ్బ జారితే గుంట అంచు ఎగిరిపోద్ది.

ఇక మీ షాపాయన చెప్పిన వెల్డింగు. పని అయితే జరుగుద్ది, లాక్ నట్టు మీద మామూలు నట్టు అంటించి పానా వేస్తే వస్తది, వెల్డింగ్ వేడికి పట్టు కూడా వదులుద్ది. కానీ గాలి ఉన్న టైరు, రిమ్ము పక్కన వేడి పెట్టడం ప్రాణాలతో చెలగాటం తమ్ముడూ. రిమ్ము వేడెక్కితే లోపల రబ్బరు మాడి గ్యాసు పుడుద్ది, టైరు అప్పుడే కాదు, కాసేపాగి కూడా పేలచ్చు. గాలి తీసేసినా ప్రమాదం పూర్తిగా పోదు. పైగా బ్యాటరీ వైరు తియ్యకుండా, ఎర్తు ఎక్కడో బాడీకి తగిలించి వెల్డింగ్ కొడితే కరెంటు బేరింగు మీదుగా పోద్ది, బ్రేకు వేస్తే చక్రం జారకుండా చూసే ఏబీఎస్ సెన్సరు అక్కడే ఉంటది. నేను పని నేర్చుకునే రోజుల్లో గ్యాసు మంటతో ఒక అలాయ్ నట్టు వేడి చేశా, నట్టు వచ్చింది, చుట్టూ పెయింటు అప్పడంలా బుడగలొచ్చింది, మా మేస్త్రి ఆ నెల జీతంలో పట్టుకున్నాడు. టైరు పేలనందుకు సంతోషించాలని ఇప్పుడు తెలుస్తోంది.

డ్రిల్లు ఎందుకు వద్దన్నానంటే, లాక్ నట్టు గట్టి స్టీలు, ఇంట్లో వాడే బిట్లు దాని మీద నల్లబడి మొద్దుబారిపోవడమే. కోబాల్టు బిట్లు కావాలి, నెమ్మదిగా, నూనె పోసుకుంటూ, మధ్యకి తిన్నగా పెట్టాలి. నీ ఐ20కి చక్రం కూర్చునే హబ్బులో స్టడ్లుంటాయి, కన్నం పక్కకి పోతే స్టడ్డూ పోయినట్టే, అప్పుడు డిస్కు విప్పి స్టడ్డుని వెనక్కి కొట్టి కొత్తది దిగ్గొట్టాలి. బోల్టులుండే ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో అయితే డ్రిల్లుకి అర్థముంది, తల తెగిపోతే బిగువు పోద్ది, చక్రం తీశాక మిగిలిన ముక్క చాలాసార్లు ప్లయర్‌తోనే తిరిగొచ్చేస్తది. అందుకే యూట్యూబ్‌లో చూసిందల్లా నీ కారుకి పనికిరాదు.

అసలు ఈ నట్లు ఇంతలా ఎందుకు పట్టేస్తాయంటే సగం మన చేతి పాపమే. లాక్ నట్టు కీని గన్నుకి తగిలించి బిగిస్తారు, కీలో ఉండే సన్న పళ్ళు ఆ కుదుపుకి పగుళ్ళిస్తాయి, ఇంకోసారికి పుటుక్కుమంటాయి. లేదా పానాకి మీటరు పైపు తొడిగి మనిషి ఎక్కి తొక్కుతాడు. లెక్క చూడు, మీ కారు నట్టుకి కంపెనీ చెప్పేది 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు, అది బిగించే బలం కొలత. అరమీటరు రాడ్డు చివర 22 కేజీల బరువుతో నొక్కితే 108 వచ్చేస్తది, అంటే ఒక చేత్తో గట్టిగా నొక్కితే చాలు. 70 కేజీల మనిషి మీటరు పైపు చివర నిలబడితే దాదాపు 690. అంత బిగించినదాన్ని పువ్వు డిజైను కీ ఏం విప్పుద్ది?

ఇంకో సగం తుప్పు. 2024 సెప్టెంబర్‌లో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా, ఇంజన్లూ సీట్లూ అందరూ చూసుకున్నారు, చక్రాలు ఎవరూ విప్పి చూసుకోలా. ఏడాది తర్వాత టైర్లు మార్చుకుందామని వస్తే నట్టు రిమ్ముకి ఆనే చోట, హబ్బు అంచు దగ్గర ఎర్రగా పొరలు కట్టి ఉన్నాయి. ఒకాయన కారుకి కీ ఉంది కూడా, పెట్టి తిప్పితే కీ పళ్ళే అరిగిపోయాయి, నాలుగూ సాకెట్ దిగ్గొట్టే తీశా, నట్టు వచ్చినా రిమ్ము హబ్బుని వదల్లేదు, టైరు లోపలి వైపు చెక్క అడ్డం పెట్టి కొట్టాల్సొచ్చింది. నీ కారు నీళ్ళలో ఉన్నదో కాదో నువ్వు రాయలేదు, సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి చూసుకో.

తీశాక మళ్ళీ ఏం వెయ్యాలి. నన్నడిగితే నాలుగు మామూలు నట్లు వేసేసుకో. పాత సాకెట్టూ సుత్తీ ఉన్న దొంగకి ఇది రెండు నిమిషాల పని, నడిరోడ్డు మీద కీ లేక తిప్పలు పడేది మాత్రం ఓనరే. ఖరీదైన అలాయ్‌లు వేసుకుని కారు రోడ్డు మీదే పెట్టేవాళ్ళు వేసుకుంటే అర్థముంది, అపార్ట్‌మెంట్ సెల్లారులో పెట్టే ఐ20కి ఎందుకు? నట్టు కొనేటప్పుడు మాత్రం మర ఒక్కటే చూడొద్దు. నీది ఎం12 (12 మిల్లీమీటర్ల మర), పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.5, 21 సైజు తల, రిమ్ముకి ఆనుకునే చోట గరాటు ఆకారం. మారుతి నట్టు కూడా ఎం12 యే కానీ పిచ్ 1.25, రెండు చుట్లు ఎక్కి పట్టేస్తది, గన్నుతో కొడితే స్టడ్డు మర నాశనం. హోండా వాటికి ఆనుకునే చోట గోళీలా గుండ్రం, టయోటా అలాయ్‌లు కొన్నిటికి వాషరుతో చదునుగా ఉంటది, అవి నీ రిమ్ములో బిగుసుకున్నట్టే అనిపించి రోడ్డు మీద వదులైపోతాయి. కౌంటర్లో పాత మామూలు నట్టు ఒకటి చూపించి పక్కన పెట్టి పోల్చుకో.

స్టడ్డు మర వైరు బ్రష్షుతో తుడువు, గ్రీజు పూయొద్దు, పూస్తే అదే బలానికి లెక్కకి మించి బిగుసుకుంటది. నాలుగూ ముందు చేత్తో ఎక్కించు, కనీసం నాలుగైదు చుట్లు చేత్తో సాఫీగా తిరగాలి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, చివర టార్క్ రెంచి (పెట్టిన బలానికి చేరగానే క్లిక్కుమనే పానా) 110 దగ్గర పెట్టి ఒక్క క్లిక్కు, రెండో క్లిక్కు వద్దు. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రెంచి పెట్టి చూడు, గుంటూరు నుంచి బెజవాడ రెండుసార్లు వచ్చిపోతే ఆ వంద దాటేస్తది.

సాకెట్ రెండోసారి కూడా జారితే అక్కడితో ఆపేసి ప్లగ్గు వేసిన టైరుతోనే మెల్లగా మా దగ్గరికి వచ్చెయ్, సగం పాడు చేసిన నట్టు తియ్యడానికే నాకు ఎక్కువ టైము పడుద్ది. ఆర్సీ తెచ్చుకో, ఆర్సీ చూడకుండా నేను ఎవరి లాక్ నట్టూ ముట్టుకోను. ఆదివారం మాత్రం రావద్దు, షెడ్డు ఉండదు.